పొద్దుటిపూట ఆగిపోయే మోటారు

వైనతేయ పాయ మీద తిరిగే ఏ పడవ మోటారైనా సరే, దాని దగ్గు విని జబ్బు చెప్పేవాణ్ని నేను. ఒకసారి నూతి దగ్గర తలంటు పోసుకుంటున్నాను. కళ్ల నిండా కుంకుడు పులుసు. అవతలి ఒడ్డు నుంచి ఎవరిదో మోటారు తడబడుతూ వస్తోంది. కళ్లు తెరవకుండానే "రెండో ప్లగ్గు పోయిందిరోయ్" అని కేకేశాను. విప్పి చూస్తే అంతేనట. ఈ ముక్క మా లంకలో నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. చెప్పుకుంటున్నారంటే, నేను చెబుతున్నాను, వాళ్లు వింటున్నారు. అసలు సంగతేమిటంటే, ఆ మోటారుకి ఉన్నదే ఒక్క ప్లగ్గు.

ఇప్పుడు నాకు డెబ్బై ఆరో ఏడు. కుడి చెవి పూర్తిగా మూతబడింది. ఎడమ చెవి తనకి ఇష్టమైనప్పుడు పనిచేస్తుంది. రేవు పక్కన నా రేకుల షెడ్డు మాత్రం ఇంకా నిలబడే ఉంది. నాలుగు పానాలు, ఒక కటింగు ప్లయరు, మోటారుని తగిలించి నడిపి చూసే నీళ్ల డ్రమ్ము, కూర్చోవడానికి ఒక పాత నూనె డబ్బా. కూర్చుంటే లేవడానికి ఆలోచించాలి. లేచాక మళ్లీ కూర్చోవడానికి ఇంకా ఆలోచించాలి. వరద తగ్గగానే ప్రతి ఏడూ ఇక పని మానేస్తున్నానని ఇంట్లో చెబుతాను. ఎవరైనా మోటారు భుజాన వేసుకుని రావడం కనిపిస్తే నేనే నాలుగడుగులు ఎదురెళ్తాను. అందుకని ఇంట్లో వాళ్లు నా మాట వినడం మానేశారు.

నాకు మొదటి నుంచీ ఒక అలవాటుంది. నా చేతిలోంచి వెళ్లే ప్రతి మోటారుకీ ఒక బొట్టు పెట్టి పంపుతాను. కుంకంలో చుక్క కొబ్బరినూనె వేసి అరచేతిలో నలిపి, పెట్రోలు ట్యాంకు మూత మీద వేలితో అద్దుతాను. నూనెలో కలిపిన కుంకం వానకి కారిపోదు. అది భక్తి అనుకునేవాళ్లు అనుకోనీండి. నాకు మాత్రం సంతకం లాంటిది. బొట్టు పెట్టకుండా పంపిన రోజున అన్నం సయించదు.

ఈ సంగతి పోయిన చలికాలంలో జరిగింది.

మా లంక బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పిన టీచరమ్మ ఉంది. చర్చి దగ్గరి వీధిలో ఇల్లు. ఆవిడ భర్త కువైట్‌లో ట్రెయిలరు నడిపి వచ్చినవాడు, అందుకని ఊరంతా డ్రైవరు అనే పిలుస్తారు. ఇద్దరూ నన్ను మావయ్యగారూ అంటారు. ఆవిడకి రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు అమలాపురం వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దున్న ఏడున్నరకి మిషను మీద పడుకోవాలి, నాలుగు గంటలు అది రక్తం కడగాలి. ఆలస్యంగా వెళితే ఆ ఆలస్యం ఆవిడ లెక్కలోంచే పోతుంది, ఎందుకంటే పదకొండున్నరకి అదే మంచం కోసం ఇంకొకరు బయట బల్ల మీద కూర్చుని ఉంటారు.

లంకకి వంతెన లేదు. ఊరి పడవ మంచు విడిచాక ఎనిమిదింటికి గానీ కదలదు. అందుకే డ్రైవరు కాకినాడ వైపు నుంచి ఒక పాత మోటారు కొన్నాడు. ఎనిమిది గుర్రాల శక్తిది. మోటారు పాతదే గానీ, దాంతోపాటు వచ్చిన ఎర్ర ప్లాస్టిక్ ట్యాంకు మాత్రం కొత్తది. రావులపాలెం దాకా అరటి లారీ మీద వచ్చి, అక్కణ్నుంచి ఆటోలో, ఆటో నుంచి పడవలో నా షెడ్డుకి చేరింది. కార్తీకంలో దాన్ని పూర్తిగా విప్పి, కడిగి, బిగించి ఇచ్చాను. వాళ్లది చర్చికి వెళ్లే ఇల్లు కాబట్టి బొట్టు ముచ్చట పక్కన పెట్టాను.

మూడు వారాలు ఆ మోటారు తేనెటీగలా పాడింది. నేను కట్టిన మోటారు కాబట్టి అలాగే పాడుతుందని రేవులో నలుగురితో అన్నాను కూడా.

ధనుర్మాసం వచ్చి చలి ముదిరాక ఒక సోమవారం సాయంత్రం డ్రైవరు నా షెడ్డుకి వచ్చాడు. తల నుంచి మంకీ టోపీ తీయకుండానే డబ్బా మీద కూర్చున్నాడు.

"పొద్దున్న ఆగిపోయిందండి మావయ్యగారూ."

"ఎక్కడ?"

"రెండో ఇసక మేట దాటేకండి. గుర్‌మని రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. పెట్రోలైపోయిందేమోనని మూత తీసి చూసేను. నిండా ఉందండి. మా ఆవిడ ప్రార్థన చేసింది. మూత బిగించి తాడు లాగితే లేచింది. మళ్లీ అంతే దూరం ఎల్లి మళ్లీ ఆగింది."

"తిరిగొచ్చేప్పుడో?"

"మధ్యాన్నం ఒక్క పోటుకి వచ్చేసిందండి. దగ్గు లేదు, ఏం లేదు."

మోటారుకి పెట్రోలు అందడం లేదన్నది తెలుస్తూనే ఉంది. ట్యాంకులోంచి గొట్టం, గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు, తర్వాత ఫిల్టరు, తర్వాత పంపు, చివర కార్బొరేటర్. ఈ దారిలో ఎక్కడో అడ్డుంది. నేను కళ్లు మూసుకుని, గడ్డం నిమురుకుని, "నీళ్లు" అన్నాను. "మంచు. రాత్రి చల్లదనానికి ట్యాంకు లోపల చెమట పట్టి పెట్రోల్లో నీళ్లు దిగుతున్నాయి. ఎండెక్కితే ఆరిపోతాయి. అందుకే పొద్దున్న ఆగి మధ్యాహ్నం నడుస్తోంది."

ఎంత బాగా చెప్పానంటే నాకే నచ్చింది. ట్యాంకులోది గాజు సీసాలో పోసి నిలబెట్టాం. అడుగున చెంచాడు నీళ్లయినా దిగాలి కదా. బొట్టు కూడా దిగలేదు. "కంటికి కనపడనంత నీళ్లు" అన్నాను. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయించాను. మర్నాడు డ్రమ్ములో పెట్టి నడిపితే అరగంట ఏకబిగిన నడిచింది. అప్పటికి మధ్యాహ్నం మూడైంది, రేకుల మీద ఎండ కాస్తోంది.

బుధవారం పొద్దున్న రెండుసార్లు ఆగింది.

ఈసారి ఫిల్టరు తప్పన్నాను. ఫిల్టరు మార్చాం. శుక్రవారం ఆగింది. గొట్టం లోపలి పొర ఊడి కవాటంలా మూసుకుంటోందన్నాను. నిజంగా అలా జరుగుతుంది, అది అబద్ధం కాదు. గొట్టం, బల్బు రెండూ కొత్తవి తెప్పించి వేశాను. సోమవారం ఆగింది. ప్రతిసారీ సాయంత్రం డ్రైవరు వచ్చి డబ్బా మీద కూర్చునేవాడు. ప్రతిసారీ నేను ముందుగా "దొరికింది" అనేవాణ్ని. ప్రతిసారీ మధ్యాహ్నప్పూట డ్రమ్ములో మోటారు నన్ను చూసి నవ్వుతున్నట్టు నడిచేది.

మొదటి రోజునే డ్రైవరు ఒక మాట అడిగాడు. ట్యాంకు మూత నడిమధ్యన చిన్న స్క్రూ ఉంటుంది. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ దాని కింది బెజ్జంలోంచి గాలి లోపలికి వెళ్లాలి. నడిపేటప్పుడు ఆ స్క్రూ వదులుగా ఉంచాలి.

"గాలి స్క్రూ తీసే ఉంచుతున్నానండి. అదేమన్నా పట్టేసిందేమో చూస్తారాండి?"

"నలభై ఏళ్ల సర్వీసు నాది. గాలి స్క్రూ గురించి నువ్వు నాకు చెప్పాలా?" అన్నాను. అయినా తిప్పి చూశాను. తిరిగింది. వదిలేశాను.

మంగళవారమంతా కార్బొరేటర్ మీద కూర్చున్నాను. కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దం పెట్టుకుని, సన్నటి తీగతో జెట్ బెజ్జాలు పొడిచాను. పంపులోని పల్చటి రబ్బరు పొర తీసి వెలుతురుకి పట్టి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. వేళ్ల సందులోంచి ఒక చిన్న స్ప్రింగు జారి పడింది. దాని కోసం గంటసేపు నేల మీద పాకాను. చివరికి నా మోకాలికే అంటుకుని ఉంది. లేవలేక అలాగే కాసేపు నేల మీద పడుకున్నాను. రేకుల సందులోంచి ఆకాశం కనిపిస్తోంది. ఎందుకొచ్చిన బతుకు ఇది అనిపించింది. డ్రైవరు వస్తే మాత్రం, "ఇంక దీని తాత దిగొచ్చినా ఆగదు" అన్నాను.

ఆ బుధవారం మోటారు నాలుగుసార్లు ఆగింది.

పాటు తీసి నీళ్లు దిగిపోతున్న వేళ. నాలుగోసారి ఆగినప్పుడు పడవ కొట్టుకుపోయి ఇసక మేట మీద ఎక్కి కూర్చుంది. డ్రైవరు మొల లోతు చల్లటి నీళ్లలో దిగి నెట్టాడట. వాళ్లు ఆస్పత్రికి చేరేసరికి తొమ్మిది. టీచరమ్మకి మిషను మీద దొరికింది రెండున్నర గంటలు.

సాయంత్రం నేను రేవులోనే ఉన్నాను. ఆవిడ పడవ దిగి మెట్ల దగ్గర నిలబడిపోయింది. మా రేవుకి పద్నాలుగు మెట్లు. ఆవిడ మొహం పొంగి, కళ్లు సగం మూసుకుపోయాయి. రెండు మెట్లెక్కి ఆగింది. మూడోది ఎక్కి కూర్చుంది. ఒంట్లోంచి తీయాల్సిన నీరంతా తీయలేదు, అది ఊపిరికి అడ్డం పడుతోంది.

"శనారం నుంచి అమలాపురంలో గది చూసేనండి," అన్నాడు డ్రైవరు నాతో. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "ఆస్పత్రెనకాల సందులోనండి. ఇంక పడవా వద్దు, మోటారూ వద్దు."

టీచరమ్మ మెట్టు మీద నుంచే అంది. "నే రానని చెప్పేను కదా."

"రాక ఏం చేస్తావు?" అన్నాడు డ్రైవరు.

"ఇక్కడుంటే వారానికి మూడ్రోజులే నేను పేషెంటుని. మిగతా నాలుగ్రోజులూ నా ఇంట్లో నా పొయ్యి దగ్గరుంటాను. ఆ సందులో ఏడ్రోజులూ పేషెంటునే. అక్కడ కిటికీ తీస్తే అంబులెన్సులు కనపడతాయి." ఊపిరి తీసుకుంది. "మావయ్యగారండీ, మీరన్నా చెప్పండి. బాగవుద్దా, అవ్వదా?"

అవుతుందని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పకుండా వంగి ఆవిడ సంచి అందుకున్నాను.

"శుక్రవారం ఒక్కసారి చూద్దాం," అన్నాడు డ్రైవరు. "ఆ రోజు ఆగితే శనారం సామాన్లు కడతాను. ఇంక నువ్వేం అనకు."

ఆవిడ తలూపింది. అతను చేయి అందిస్తే లేచి నాలుగో మెట్టు ఎక్కింది.

శుక్రవారం ఐదున్నరకే నేను రేవుకి వెళ్లాను. పిలవకుండానే పడవెక్కాను. రెండు వారాలుగా నేను షెడ్డులో మధ్యాహ్నం చూస్తున్న మోటారు వేరు, వీళ్లకి పొద్దున్న ఆగిపోతున్న మోటారు వేరు. ఈ చిన్న సంగతి బుర్రకెక్కడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. నిజం చెప్పాలంటే, తెల్లవారకుండా లేవడానికి బద్ధకించాను. చలికి మోకాళ్లు పట్టేస్తాయి.

మంచు నీళ్లకి ఆనుకుని ఉంది. ముక్కుకి మూరెడు దూరంలో ఏముందో తెలియదు. డ్రైవరు వెనక మోటారు పట్టుకున్నాడు. నేను మధ్యలో. టీచరమ్మ శాలువా కప్పుకుని ముందు బల్ల మీద మా వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ కాళ్ల దగ్గర ఎర్ర ట్యాంకు. దాంట్లోంచి గొట్టం నా పక్కగా మోటారుకి వెళుతోంది.

మొదటి మేట దాటాం. రెండో మేట దాటాం. గుర్, గుర్ అని రెండుసార్లు దగ్గి మోటారు ఆగిపోయింది. ఒక్కసారి నిశ్శబ్దం. పడవ కింద నీళ్ల చప్పుడు.

 నేను బల్బు పట్టుకుని నొక్కాను. నొక్కిన బల్బు మళ్లీ పొంగాలి. అది పొంగలేదు. ఎండిన తమలపాకులా అణిగి అలాగే ఉండిపోయింది. నాకు తెలిసిన విద్యంతా ఆ వేళ్ల మధ్య అణిగిపోయినట్టనిపించింది. ఊరికే ఇంకా నొక్కుతూ కూర్చున్నాను.

"మావయ్యగారండీ," అంది టీచరమ్మ, "ఇది రోజూ ఇలాగే డొక్కలు పీక్కుంటదాండి?"

"ఏది?"

"టాంకీయండి. బయల్దేరేటప్పుడు బాగానే ఉంటది. మేట దాటేసరికి ఇటూ అటూ లోపలికి ఎల్లిపోతది. ఈయన మూత తియ్యగానే టప్పుమని మళ్లీ పొంగుద్ది. అది దాని పద్ధతేమో అనుకున్నానండి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు డ్రైవరు.

"నన్నెవరడిగేరు? మీరిద్దరూ మోటారు కేసే చూస్తారు. నా ఎదురుగా ఉన్నది టాంకీయే కదా, నేను దాన్నే చూస్తాను."

నేను ముందుకి పాకి ట్యాంకు తడిమాను. పస్తున్న గొడ్డు డొక్కల్లా రెండు పక్కలా లోపలికి పోయి ఉంది. లోపలికి గాలి వెళ్లడం లేదు. గాలి వెళ్లకపోతే పెట్రోలు బయటికి రాదు. మూత తిప్పితే సుయ్‌మంది, ట్యాంకు టప్పుమని పొంగింది. మంకీ టోపీలో చెవులు కప్పుకున్న డ్రైవరుకి ఆ సుయ్ ఎన్నడూ వినపడలేదు. మోటారు మళ్లీ లేవడానికి కారణం పెట్రోలు చూడ్డానికని అతను తీసిన మూత. ప్రార్థనని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కాని కారణం అది.

టీచరమ్మని సెల్‌ఫోన్ లైటు వేయమని, గాలి స్క్రూ పూర్తిగా విప్పి దాని కింద చూశాను. బెజ్జం లేదు. బెజ్జం ఉండాల్సిన గుంటలో ఎర్రటి ముద్ద గడ్డకట్టి ఉంది.

చూడగానే తెలిసిపోయింది నాకు. మూతని అరచేత్తో కప్పాను.

"ఏంటండది ఎర్రగా?" డ్రైవరు వెనక నుంచి అడిగాడు.

"గ్రీజు," అన్నాను.

"ఎర్ర గ్రీజాండి?"

"కంపెనీ గ్రీజు. చలికి పేరుకుంటుంది, ఎండకి కరుగుతుంది. అందుకే పొద్దున్న ఆగి మధ్యాహ్నం నడుస్తోంది. మొదటి రోజునే చెప్పాను కదా, చలి వల్లే అని."

టీచరమ్మ గాజుకి ఉన్న పిన్నీసు తీసి ఇచ్చింది. దాంతో ఆ ముద్దంతా గోకి గోదాట్లో పారేసి, బెజ్జంలోంచి నోటితో ఊదాను. గాలి అవతలికి వెళ్లింది. మోటారు ఒక్క తాడుకే లేచింది. ఆ తర్వాత అవతలి రేవు దాకా ఎక్కడా ఆగలేదు. ఏడూ ఇరవైకి ఆస్పత్రి మెట్లెక్కామని డ్రైవరు తర్వాత చెప్పాడు. శనివారం సామాన్లు కట్టలేదు.

ఆ వారం రోజులూ నేను లంకలో రాజులా తిరిగాను. ట్యాంకు మీద చెయ్యి వేసి జబ్బు చెప్పానని కథ. టీచరమ్మ డొక్కల మాట ఆ కథలోంచి నెమ్మదిగా జారిపోయింది. నేను జార్చాను. ముందు చెప్పినప్పుడు "టీచరమ్మ కూడా ఏదో అంది" అనేవాణ్ని. తర్వాత అదీ మానేశాను.

పైన ఒకచోట, చర్చికి వెళ్లే ఇల్లు కాబట్టి బొట్టు ముచ్చట పక్కన పెట్టానని రాశాను. పక్కన పెట్టలేదు. పెట్టలేకపోయాను. మూత మీద పెడితే వాళ్లకి కనిపిస్తుంది, ఇబ్బంది పడతారు. పెట్టకపోతే నాకు అన్నం సయించదు. అందుకని గాలి స్క్రూ విప్పి, దాని కింది గుంటలో, ఎవరి కంటా పడకుండా, కొబ్బరినూనెలో నలిపిన కుంకం పుల్లతో అద్ది, మళ్లీ స్క్రూ బిగించాను. మామూలుగా అద్దే దానికంటే ఎక్కువే పెట్టాను, దాచిపెట్టేది కదా, గట్టిగా ఉండాలని. నేను ఇదివరకు చూసిన రేకు ట్యాంకులకి గాలి బెజ్జం మూత పక్కన ఉండేది. ఈ కొత్తదానికి ఆ గుంటే బెజ్జం. కొబ్బరినూనె చలికాలం పొద్దున్న సీసాలో ఎలా గడ్డకడుతుందో ఈ కోనసీమలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నాకే తోచలేదు. నా చెయ్యి పడిన చోట తప్పుంటుందని నేను ఎప్పుడూ వెతకలేదు.

ఇదంతా నాలోనే ఉండిపోయేది. మళ్లీ వారం డ్రైవరు కొత్త ట్యాంకు ఒకటి తెచ్చాడు, రెండోది ఉంటే మంచిదని. టీచరమ్మ కూడా వచ్చింది. ఆ రోజు ఆవిడ పేషెంటు కాని రోజు. మొహం తేటగా ఉంది, చేతిలో నా కోసం జంతికలు. నా డబ్బా ఆవిడకిచ్చి నేను నిలబడ్డాను.

"దీనిక్కూడా ఆ ఎర్ర గ్రీజు పెట్టేయండి మావయ్యగారూ," అన్నాడు డ్రైవరు. "ఈసారి చలికి పేరుకోని రకం చూసి."

"దీనికి అక్కర్లేదు నాయనా."

"కంపెనీదన్నారు కదండి. పెట్టకపోతే మళ్లీ ఏవన్నా అవుద్దేమోనండి. మా ఆవిడ పేణం దీని మీదుందండి. దొరక్కపోతే చెప్పండి, కాకినాడ నుంచి తెప్పిస్తాను. లేదంటే పాతదాన్లో ఎక్కడన్నా మిగిలుంటే, అది గోకి దీనికి..."

అతను తెప్పిస్తాడు. నేను పెట్టనంటే ఇంకో మేస్త్రీ దగ్గరికి వెళ్లి, ఏదో ఒక ఎర్ర గ్రీజు అక్కడే పెట్టిస్తాడు. ట్యాంకు నా చేతుల్లో ఉంది. ఖాళీ ట్యాంకే, అయినా బరువుగా ఉంది.

"అది గ్రీజు కాదు," అన్నాను. "కుంకం."

ఇద్దరూ నా వైపు చూశారు.

"కుంకమాండి?"

"కొబ్బరినూనెలో కలిపింది. బొట్టు. మీకు తెలీకుండా నేనే పెట్టాను. అదే బెజ్జానికి అడ్డం పడింది."

డ్రైవరు చేతిలో ఉన్న మంకీ టోపీని మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

"పైన పెట్టుకుంటానంటే మేం వద్దందుమాండి?" అన్నాడు. "మీ సెంటిమెంటు మీది. పెట్టుకోండనే వోణ్ణి." టోపీ జేబులో పెట్టుకుని, "ఆ బుధవారం మా ఆవిడ మూడో మెట్టు మీద కూకుండిపోయింది. గుర్తుందాండి మీకు?" అన్నాడు.

గుర్తుందని చెప్పడానికి తలూపాను.  అప్పుడు టీచరమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే ఆవిడకి దగ్గొస్తుంది, దగ్గుతూనే నవ్వింది.

"అయితే నేను పైన కూకుని ప్రార్థన చేస్తంటే, కింద మీ బొట్టు కూకుందన్నమాటండి. పాపం, ఎవరు ముందు పలకాలో తెలీక ఇద్దరూ మొహమాటపడుంటారు."

నాకు నవ్వు రాలేదు. డ్రైవరుకీ రాలేదు. "నవ్వాపు, ఆయాసం వస్తది," అని మాత్రం అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, బడిలో కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెట్టింది. "బళ్లో అబద్ధం చెప్పినోళ్లని నేను కొట్టేదాన్ని కాదండి. చెడగొట్టిన పని వోళ్ల చేతే రోజూ చేయించేదాన్ని. ఇంక సోమ, బుధ, శుక్ర మీరు రేవుకి రావాలి. ఆ మూత విప్పి, స్క్రూ తీసి, నోటితో ఊది నాకు చూపించాలి. గాలి అవతలికి వస్తేనే నేను పడవెక్కుతాను."

"ఎన్నాళ్లు?" అన్నాను.

"నేను ఎల్లినన్నాళ్లూనండి," అంది. అందులో రెండర్థాలున్నాయేమోనని నేను ఆవిడ మొహం చూశాను. ఏమీ లేవు. ఆవిడ జంతికల సంచి ముడి విప్పుతోంది.

చలి పోయింది, ఎండలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు మళ్లీ మంచు పడుతోంది. వారానికి మూడు రోజులు నేను ఐదింటికి లేస్తున్నాను. మొదట ఎడమ కాలు, తర్వాత గోడ పట్టుకుని కుడి కాలు. రేవులో పద్నాలుగు మెట్లు దిగి, మూత విప్పి, బెజ్జంలోంచి ఊదుతాను. టీచరమ్మ అవతలి పక్క అరచేయి అడ్డం పెట్టి గాలి తగిలిందో లేదో చూసుకుని, "ఆయ్" అంటుంది. అప్పుడు పడవెక్కుతుంది. నోటి నిండా పెట్రోలు వాసన. ఆ రోజంతా కాఫీ కాఫీలా ఉండదు.

డ్రైవరు నాతో మాట్లాడ్డం మానలేదు. మావయ్యగారూ అనడం మాత్రం మానేశాడు. మేస్త్రీగారూ అంటున్నాడు. మర్యాదగానే అంటాడు. ఏడాదిగా ఆ పిలుపు మారుతుందేమోనని చూస్తున్నాను.

పడవ మంచులో కలిసిపోయాక నేను కింది మెట్టు మీద కూర్చుంటాను. మోటారు చప్పుడు వింటూ, మొదటి మేట, రెండో మేట, అవతలి రేవు, ఎక్కడిదాకా వెళ్లిందో చెవితోనే చెబుతానని లంకలో అనుకుంటారు. నేనే చెప్పాను వాళ్లకి. మొదటి మేట దాటితే నాకేమీ వినపడదు. చొక్కా జేబులో ఫోను పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంటాను. అవతలి రేవుకి చేరగానే టీచరమ్మ ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒక్క రింగే. ఎత్తకూడదు, ఎత్తితే కోప్పడుతుంది.

ఇవాళ ఫోను వణుకు అరచేతికి తెలిసేసరికి ఆరూ ఇరవై రెండు. ఎక్కడా ఆగలేదన్నమాట. ఇంక లేవాలి. పద్నాలుగు మెట్లున్నాయి.